రెండో రిమోట్

ఒరే స్టాన్లీ,

నువ్వు అడిగిన పాత వీడియో గేమ్ బొబ్బిలి వెళ్లి చూశాను. క్యాసెట్ పిన్నులకు తుప్పు లేదు. రెండో రిమోట్ సంగతి తేలాలంటే ఇద్దరు ఆడాలి కదా. అమ్ముతున్న కృపారాణి తనకు ఆట రాదని, పక్కనే మంచం మీదున్న మావగారి చేతికిచ్చింది. ఆయన ఒకప్పుడు లారీ డ్రైవరు. పక్షవాతంతో కాళ్లూ మాటా పడిపోయాయి. కారు రేసులో నన్ను ఓడించి, గట్టిగా నవ్వాడు.

“ఒలమ్మా, మావ నవ్వుతన్నాడు! జబ్బు సేసినాక ఇప్పుడే నవ్వినాడు. ఒగ్గేయండి బాబూ, ఇంక అమ్మను” అంది కృపారాణి.

డబ్బు ఆమె చేతిలో పెట్టి, ఇప్పుడు మాట మారిస్తే కుదరదన్నాను. ఆయన వేళ్లు ఒక్కొక్కటే విప్పి రిమోట్ తీసుకున్నాను. బటన్లన్నీ పనిచేస్తున్నాయి.

దాని మీద ఆయన కన్నీళ్లు పడ్డాయి. కంగారుపడకు, ఇంటికొచ్చి విప్పి చూశాను. లోపలికి దిగలేదు.

నీ బావ