విన్సెంట్ ఇంటి ఆపిల్స్

మే 4, ఆదివారం

ఈరోజు చర్చిలో నాకూ విన్సెంట్‌కూ పెళ్లి ప్రకటన రెండోసారి చదవాలి. చదవలేదు. మధ్యాహ్నం విన్సెంట్ వాళ్లమ్మ ఏసమ్మ ఆంటీ ఒక పెట్టె ఆపిల్స్ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. "పిల్ల మంచిదే వదినా. కని నోరు జర ఎక్కువ. మావోడు భయపడతాండు" అని అమ్మతో చెప్పింది. నేను పక్క గదిలోనే ఉన్నాను. బయటికి వచ్చి, ఉంగరం తీసి ఆమె చేతిలో పెట్టాను. ఆపిల్స్ మాత్రం వదిలేసి పోయింది.

మే 5, ఉదయం 6:30

ఒకటి కోసి తిన్నాను. తీపి లేదు, పులుపు లేదు. తడిపిన పిండి నమిలినట్టుంది. పైకి మాత్రం నిగనిగ. అచ్చం విన్సెంటే. పక్కింటి బర్రెకు వేయమంది అమ్మ. వేయను.

మే 7

పెళ్లి షాపింగ్ అయిందా అని ఆఫీసులో పద్మలత మేడమ్ అందరి ముందూ అడిగింది. వాష్‌రూమ్‌లో చాలాసేపు నిలబడ్డాను.

మే 10, శనివారం

నోరు ఎక్కువన్నారు కదా. వాళ్ల నోళ్లు మండాలి. ఆపిల్స్ అన్నీ తురిమి తొక్కు పచ్చడి పెట్టాను. ఉప్పు, నిమ్మరసం, ఆవపిండి, మెంతిపొడి. తేజా మిర్చి కారం రెండింతలు. పైన వెల్లుల్లి పోపు. సీసా నింపి వాళ్లింటికి పంపాలని ప్లాన్.

పంపేముందు రుచి చూశాను. కళ్లలో నీళ్లొచ్చాయి. అయినా చెయ్యి ఆగలేదు. వారం రోజులుగా సరిగ్గా తినని అమ్మ, ఆ తొక్కుతో రెండుసార్లు అన్నం పెట్టించుకుంది. ఛ. ఇంత బాగా కుదిరిందాన్ని వాళ్లకెలా ఇస్తాను?

మే 18, ఆదివారం

చర్చి భోజనాలకు ఒక గిన్నెడు తొక్కు తీసుకెళ్లాను. ఏసమ్మ ఆంటీ మూడోసారి వడ్డించుకుంటూ, ఎవరు చేశారని అడిగింది. పక్కనున్న దావీదు అంకుల్ నావైపు చూపించి, కీర్తన చేసిందని చెప్పాడు. ముద్ద ఆమె నోట్లోనే ఆగిపోయింది. ఆ మొహం కళ్లారా చూశాను.

మే 20, సాయంత్రం

విన్సెంట్ ఫోన్. సారీ చెబుతాడేమో అనుకున్నాను. వచ్చే నెలలోనే అతని పెళ్లట, అమ్మాయిది ఏటూరునాగారమట. ఆ తర్వాత అసలు సంగతి: "మమ్మీ ఆ తొక్కు మస్తుందంటాంది. ఒక సీసా పంపరాదు?"

తప్పకుండా పంపిస్తానన్నాను.

మే 21

మిగిలిన తొక్కంతా గల్లీలో ఇంటింటికీ పంచాను. పక్కింటి సమ్మమ్మ పెద్దమ్మకు రెండు గరిటెలు ఎక్కువే వేశాను.

మే 22

సీసా పంపాను. ఖాళీది. కడగలేదు.