రోము ఆటలో తెలిసిన మనిషి

నెల్లిమర్ల,
12 జూలై 2013

ప్రియమైన రాబర్టుకు,

దేవుని కాపుదలలో ఉన్న నీకు అమ్మ దీవించి రాస్తున్నది. నేనూ, మీ చెల్లి స్వర్ణా ఒంట్లో బాగానే ఉన్నాం. మనసు సంగతి కింద రాస్తాను. ఫోనులో అయితే తిట్లు తప్ప ఇంకేమీ రావని కాగితం తీశాను.

మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగావు. నూనె రాస్తున్నాను, కాస్త తగ్గింది. స్వర్ణ పరీక్షలు బాగానే రాసింది. ఇక నువ్వు పంపిన ఆట సీడీ అందిందా, చూశావా, ఎలా ఉంది అన్నావు. అందింది, చూశాను. ఛీ! పుట్టి బుద్ధెరిగాక అంత రోత నేను చూడలేదు.

తప్పు కొంత నాది కూడా. మీ హైదరాబాదు కంపెనీ రోము పట్టణం మీద కంప్యూటర్ ఆట తయారు చేస్తోందనీ, అందులో వీధులూ మనుషులూ నువ్వే గీస్తున్నావనీ రాశావు కదా. రోము అనగానే నాకు పౌలు భక్తుడు కాక ఇంకెవరు గుర్తొస్తారు? ముప్పై ఏళ్ళుగా సండే స్కూల్లో చెబుతున్నది అదే. బుధవారం స్త్రీల కూడికలో లేచి, పౌలుగారు నడిచిన వీధులు మా రాబర్టు గీశాడు, అందరం చూద్దాం అని ప్రకటించాను. పాస్టరుగారు చర్చి ప్రొజెక్టరు ఇచ్చారు. స్వర్ణ లాప్‌టాప్ తగిలించింది. ఇరవై మంది ఆడవాళ్ళం ముసుగులు సవరించుకుని కూర్చున్నాం.

తెర మీద ఒకడు ఇంకొకడి పొట్ట కోశాడు. పేగులు ఇసుకలో పడ్డాయి.

"ఓలమ్మో, ఇదేటిది ఎలీసమ్మగోరూ! పౌలుగోరేరీ?" అని పాస్టరుగారి భార్య బేబీ అరిచింది.

"ఆపేయండమ్మా, సూడ్లేకపోతన్నాం!" అని వెనక నుంచి ఇంకొకామె.

ఏ మీట నొక్కాలో తోచక స్వర్ణ వైరు పీకేసింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నా కొడుకు రెండేళ్ళు కూర్చుని చేసిందేమిటో పూర్తిగా చూడాలని ఇంటికొచ్చి పంతం పట్టాను. బానిసల సంతలో యజమాని మనుషుల పళ్ళు చూసి కొంటాడు, మనం ఎద్దుల్ని కొన్నట్టు. మేపి, కత్తి చేతికిచ్చి, ఒకడి మీదికి ఒకణ్ణి తోలుతాడు. చుట్టూ వేలమంది కూర్చుని తింటూ తాగుతూ కేకలు. ఇదీ ఆట! రక్తం ఇసుకకి ఎలా అంటుకుంటుందో గీయడానికి నెల పట్టిందని గొప్పగా రాశావే, సిగ్గు లేదట్రా? ఆ చేతులకి అన్నం ఎలా సహిస్తోందిరా నీకు?

అందులో నాకు తెలిసిన మనిషి ఒకరు కనిపిస్తారు, చూసి సంతోషిస్తావు అని రాశావు. గుర్తుపట్టాను. ఏడో పోటీలో వచ్చే ముసలి వస్తాదు. ఎడమ కనుబొమ్మ మీద ఆ చీలిక జూట్ మిల్లులో బెల్టు తెగి తగిలినదే. ఓడిపోయాక మోకాళ్ళ మీద పడి తలెత్తుతాడు, అచ్చం మీ నాన్న ప్రార్థనలో కూర్చున్నట్టు. ఆయన పోయి మూడేళ్ళయింది. మరిచిపోకూడదనే పెట్టుకున్నావు, నాకు తెలుసు. కానీ చావడానికి పెట్టావురా! వచ్చే నెల అది అమ్మకానికి వస్తే, కొన్నవాడల్లా ఆయన్ని చంపుతాడు.

ఇంతవరకూ నిన్ను తిట్టాను. ఇక రాసేది స్వర్ణకి తప్ప ఎవరికీ తెలియదు. నేను ఊరికే చూసి ఊరుకోలేదు, ఆడాను. స్వర్ణ చేత మీటలు నేర్పించుకున్నాను. ఓడినవాడు మోకాళ్ళ మీద ఉన్నప్పుడు ఒక మీట నొక్కితే వదిలెయ్యడం, ఇంకోటి నొక్కితే పొడవడం. మీ నాన్నను మూడుసార్లు వదిలాను. వదిలిన ప్రతిసారీ జనం ఛీకొట్టారు, ఆట నన్ను మళ్ళీ ఏడో పోటీ మొదటికే తోసింది. మూడు మధ్యాహ్నాలు అక్కడే ఆగిపోయాను. నాలుగోసారి పొడిచాను. జనమంతా లేచి చప్పట్లు కొట్టారు. ఎనిమిదో పోటీకి తలుపు తెరుచుకుంది. నేను "హమ్మయ్య" అన్నాను.

స్వర్ణ నా వెనకే నిలబడి ఉంది.

"అమ్మా, నాన్ననేటే సంపేసినావు?" అంది.

వేళాకోళమాడుతోందేమోనని తిరిగి చూశాను. దాని కళ్ళలో నీళ్ళున్నాయి.

ఆ ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల, రొట్టె ద్రాక్షరసం పుచ్చుకునే రోజు. పాస్టరుగారు రొట్టె పళ్ళెం నా ముందుకు తెచ్చారు. నాకు చెయ్యి రాలేదు. "ఏటమ్మా, ఒంట్లో బాగోలేదేటి?" అని మెల్లగా అడిగారు. అవునని తలూపాను. దేవుడి సన్నిధిలో అబద్ధం. ఇంటికొచ్చి ఎనిమిదో పోటీ ఆడాను.

ఆ ఆట మీద నాకెంత అసహ్యమో, నా మీద అంతకు రెట్టింపు రాబర్టూ. పెద్ద పెద్ద మాటలు చెప్పే నోరు నాది, నాలుగు రోజుల్లో ఇలా అయిపోయాను. మీ ఆఫీసులో ఎవరి కాళ్ళు పట్టుకుంటావో, ఉద్యోగమే మానేస్తానంటావో నీ ఇష్టం. అమ్మకానికి వెళ్ళేలోపల మీ నాన్న మొహం అందులోంచి తీసెయ్యి. మనవాళ్ళది ఎవరిదో ఒక మొహం ఉండాలనిపిస్తే, చుట్టూ కూర్చుని కేకలు పెట్టే జనంలో నాది గీయి. నేను అక్కడి మనిషినే.

ఇట్లు,
నిన్ను కన్న అమ్మ,
ఎలీసమ్మ