మూడు రిసీవర్లలో నేను ఎంచినది

వదినగారికి,

మీరు పంపిన కాగితం అందింది. మీ కోడలు మెట్ల మీద కాలు జారి పడి చనిపోయిందని రాయించి, కింద నన్ను సంతకం పెట్టమన్నారు. పెట్టను. ఎందుకో చెప్పాలంటే నా పాపం కూడా చెప్పుకోవాలి.

కిందటేడు మీవాడు పాటలు మోగించే రిసీవరు పెట్టె కొంటానని నన్నూ మా అమ్మాయినీ షాపుకి తీసుకెళ్లాడు. మూడింటిని పక్కపక్కన పెట్టించి ఒకే పాట మార్చి మార్చి వేయించాడు. ఒకటి సన్నగా, రంగు దీపాలతో ఉంది. ఇంకొకటి గట్టిగా పెడితే బొంగురుపోతోంది. మూడోది నల్లగా, ఇద్దరు మొయ్యాల్సినంత బరువు. షాపతను వాట్లనీ ఛానళ్లనీ చెబుతుంటే వినకుండా, "అత్తయ్యా, మీరు ఆ తలుపవతల నిలబడి అరవండి. దేని మోతలో మీ గొంతు వినబడదో చూద్దాం" అన్నాడు.

"నా గొంతుని మింగే పెట్టె ఇంకా పుట్టలేదు నాయనా!" అని నవ్వుతూ మూడుసార్లు అరిచాను. నల్లదాని మోతలో వినబడలేదట. "అయితే అదే తీసుకో, గట్టిది" అన్నాను నేనే. అమ్మాయి నవ్వలేదు. నేల చూస్తూ నిలబడింది. చూశాను, అడగలేదు.

అమ్మాయి పోయిన మధ్యాహ్నం మీ ఇంట్లో రెండు గంటలు ఆగకుండా పాటలు మోగాయట. "ఏదో సంబరమనుకున్నాం" అంది కింది వాటా ఆవిడ. నా బిడ్డ ఒళ్లు నేనే కడిగాను వదినా. దవడ పక్కకి జరిగిపోయింది. పక్కటెముకలు నా చేతికింద కదిలాయి. మెట్లు జుట్టు పీకుతాయా? మెడమీద అయిదు వేళ్లు వేస్తాయా? కొంగులో కత్తి పెట్టుకుని మీ వీధి మలుపుదాకా వచ్చాను. ఒక్క పోటుకి వాడు పోతాడు. నా పిల్ల పోవడానికి రెండు గంటలు పట్టింది. అందుకే వెనక్కి తిరిగాను.

రేపు పోలీసులకి అంతా చెబుతాను, ఆ పెట్టె ఎంచింది నేనేనని కూడా. జనం నా మొహాన ఉమ్మితే ఉమ్మనివ్వండి.

చచ్చిన పిల్ల తల్లి

వదినా,

నిన్న స్టేషన్లో నేను చెప్పింది విని ఇన్‌స్పెక్టరు, "పెట్టె ఎంచడం నేరమా అమ్మా? చూసినవాళ్లెవరు?" అన్నాడు. అప్పుడు నేను మనిషి చేత పంపిన ఉత్తరం గుప్పిట్లో నలుపుతూ మీరు లోపలికొచ్చారు. "నేను పక్క గదిలోనే ఉన్నాను. అంత మోతలోనూ కోడలు 'అత్తయ్యా, అత్తయ్యా' అని నన్ను పిలిచింది. వినబడింది. తలుపు తియ్యలేదు" అన్నారు.

నేను కొట్టిన దెబ్బకి మీ పెదవి చిట్లింది. మీరు చెయ్యి అడ్డం పెట్టలేదు. "ఇంకా కొట్టండి వదినా" అన్నారు. కానిస్టేబులు లాగకపోతే ఏమయ్యేదో.

ఇంటికొచ్చాక తట్టింది. నా పిల్ల గొంతు ఆ పెట్టెలో మునిగిపోలేదు. నా నెత్తిన ఉన్న బండ కాస్త జరిగి మీ నెత్తిన పడింది. దాని బరువు నాకు తెలుసు.

మీవాణ్ణి లోపల వేశారు. ఇదే మాట కోర్టులో వాడి కళ్లెదుట చెప్పాలట. కన్నకొడుకు ముందు మీకు కాళ్లు ఆడవు. క్షమించాననుకోకండి, ఈ జన్మకి అది నావల్ల కాదు. కానీ ఒక్కరే రావద్దు. బోనుదాకా మీ చెయ్యి పట్టుకుని నేను నడిపిస్తాను. చెప్పడం అయ్యేదాకా వదలను.

మీ వదిన