ఓబులన్న కళ్లం మీది గాలి

ఆదివారం, నాగలమడిక

గ్లైడర్ల పోటీలో మొదటి బహుమతి నాకే వచ్చింది. మనసు మాత్రం ఓబులన్న చుట్టూనే తిరుగుతోంది.

ఇంజను లేని రిమోట్ విమానాన్ని ఎక్కువసేపు గాలిలో నిలిపినవాళ్లదే గెలుపు. అప్పటికి ఆయనే ముందున్నాడు. మిట్టమధ్యాహ్నం చివరి వంతు నాది. సోలార్ పార్కు కంచె దగ్గర నా గ్లైడర్ దిగిపోతుంటే ఆయన వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఎడమకు తిప్పప్పా. ఆ మూడో వరస పలకల మీదికి పోనీ."

"ఆడేముండాదన్నా?"

"మా కళ్లం ఉండె. మద్దేన్నం రాగులు తూర్పారబడితే పొట్టు పక్కకు పోకుండా నిలువునా పైకి లేస్తాండె. అందుకే ఆ పొద్దులో చాట ముట్టేవాళ్లం కాదు."

తిప్పాను. గ్లైడర్ గద్దలా చుట్లు తిరుగుతూ పైకి లేచింది. ఆయన కంటే నిమిషం ఎక్కువే నిలిచింది. మొదట చప్పట్లు కొట్టింది కూడా ఆయనే.

చేను ఆ పార్కుకు కౌలుకిచ్చి కంచె బయట నిలబడ్డ మనిషి. ఆయనకు మిగిలింది ఆ చేని మీది గాలి ఒక్కటే. దాన్నీ నాకిచ్చేశాడు.

ఆయన గ్లైడర్ దిగిపోతుంటే నేను చెప్పేవాణ్ణా? 'చెప్పేవాణ్ణే' అని ఇక్కడ రాసి, కొట్టేశాను.