ఇంజను విప్పేటప్పుడు పక్కన కూర్చోనివ్వమని

విశాఖపట్నం,
14-06-2025.

రవాణా శాఖ పెద్ద ఆఫీసరు గారి సముఖమునకు, పాతనగరంలో కాపురముండే షేక్ కరీమున్నీసా, వయసు 71, వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

తమరు క్షేమమని తలుస్తాను. అమ్మగారు, పిల్లలు క్షేమమా. తమ ఆఫీసు గేటు దగ్గర ఉండే వాచ్‌మన్ గురువులు గారి మోకాలు ఎలా ఉందో నేను అడిగానని చెప్పవలెను. మొన్న వచ్చినప్పుడు నన్ను తన కుర్చీలో కూర్చోబెట్టి తాను నిలబడినాడు. "నోటితో సెప్తే ఎవులూ రాసుకోరమ్మా, కాయితం ఎట్టు" అన్నది ఆయనే. మా ఇంట్లో అందరూ క్షేమం, కారు తప్ప.

విషయం: నా కుమారుని కారు ఇంజను విప్పు సమయమున నన్ను పక్కన కూర్చోనిచ్చుట, బ్రేకు ఇన్‌స్పెక్టరు గారిని పంపుట గురించి.

పై విషయమై మనవి చేయునది ఏమనగా:

1. నా కుమారుడు వసీం, అచ్యుతాపురం కంపెనీలో పనిచేసే ఆడపిల్లలు ఆరుగురిని షిఫ్టుకు తన కారులో తీసుకెళ్ళి తీసుకువచ్చును. దువ్వాడ దాటానని అతడు ఫోను చేసేవరకు నాకు ముద్ద దిగదు. ఆ ఆరుగురి తల్లులకూ అంతే అయి ఉంటుంది.

2. మే నెలలో కారు వేడెక్కుతున్నదని కొన్న షోరూములోనే చూపించితిమి. రేడియేటరు మార్చాలి, 28న తెమ్మన్నారు. నాకు అనుమానం ఎక్కువ. నా భర్త ఇద్రీస్ గారు గడియారాలు బాగుచేసేవారు. ఏ గడియారమైనా దాని మనిషి ఎదురుగానే విప్పేవారు. తీసిన పాత ముక్క ఆవగింజంత మర అయినా సరే, కాగితంలో చుట్టి చేతికిచ్చేవారు. "తీసింది సూపకపోతే ఏసింది ఎలాగ నమ్ముతారు" అనేవారు. అందుచేత ముందు రోజు మా మనవరాలు ఆస్రా గోళ్ళరంగు, మెరుపులున్న ఎరుపు, తీసి రేడియేటరు మీద ఒక చుక్క పెట్టాను. వసీం చూసి, "ఏటమ్మీ ఇది? కారుకి గోళ్ళరంగేటి? సూసినోళ్ళు నవ్విపోతారు" అని కసిరాడు.

3. 28న మమ్మల్ని అద్దాల గదిలో కూర్చోబెట్టారు. కాఫీ ఇచ్చారు. టీవీ పెట్టారు. గోడ నిండా కార్ల బొమ్మలే, మా కారు మాత్రం కనపడలేదు. సాయంత్రం రోహిత్ అనే సర్వీసు అబ్బాయి తాళాలిచ్చి కొత్త రేడియేటరు వేసేశామన్నాడు. పాతది ఇమ్మన్నాను. "అది స్క్రాప్‌కి వెళ్ళిపోయింది మామ్మగారూ" అన్నాడు. ఇంటికి వచ్చి బానెట్ లేపించాను. నా చుక్క అక్కడే ఉన్నది. మెరుస్తున్నది.

వసీం బానెట్ దించేశాడు. తర్వాత, "ఊరుకో అమ్మీ, మల్లీ ఆళ్ళకాడికే ఎల్లాల గదా" అన్నాడు. నేను ఊరుకున్నాను.

4. (ఈ నంబరులో రోహిత్‌ను కొన్ని మాటలు అన్నాను. ఆస్రా చదివి కొట్టేసింది.)

5. ఈ నెల 9న లంకెలపాలెం దగ్గర, రెండు లారీల మధ్య, కారు పొగలు కక్కి ఆగిపోయినది. లోపల ఆరుగురు పిల్లలు, నా కొడుకు. వెనక లారీ అతను సమయానికి బ్రేకు వేశాడు కనుక ఈ అర్జీ ఇలా వ్రాయుచున్నాను, లేకపోతే ఏమి వ్రాసేదాన్నో. చుక్క చూసి కూడా ఎందుకు ఊరుకున్నాను అయ్యా? కొడుకు మళ్ళీ కసురుతాడనా? ఆ రోజే గోల చేయవలసినది. ఆ పిల్లల్లో ఆశాజ్యోతి అని ఉంది. మర్నాడు వచ్చి, "మామ్మా, కారెప్పుడు బాగవుద్ది? బస్సుకైతే మా ఇంట్లో పంపరు" అన్నది.

6. ఇప్పుడు అదే షోరూమువారు ఇంజను మొత్తం విప్పాలంటున్నారు. మా వీధి మెకానిక్ చలమయ్యను బ్రతిమాలాను. "నాను సెయ్యెడితే వారంటీ పోద్ది పిన్నీ. ఆళ్ళే ఇప్పాల" అన్నాడు. చేయని పని చేశామన్న చేతుల్లోనే మళ్ళీ పెట్టాలన్నమాట. చుక్క సంగతి రోహిత్‌ను అడిగాను.

"అది ఫ్యాక్టరీలో పెట్టిన మార్క్ అయ్యుంటుంది మామ్మగారూ."

"ఫ్యాక్టరీవోళ్ళకి మా ఆస్రా గోళ్ళరంగు ఎలాగ దొరికింది బాబూ?"

కంప్యూటరు వైపు తిరిగిపోయాడు. విప్పేటప్పుడు లోపల కూర్చుంటానంటే, కస్టమర్లకు ఎంట్రీ లేదండి, సేఫ్టీ, అన్నాడు. ఆ ఆరుగురు పిల్లల సేఫ్టీ సంగతి ఎవరిని అడగాలి? రేడియేటరు బానెట్ లేపితే కనపడింది. ఇంజను లోపల నేనెక్కడ చుక్క పెట్టగలను?

కావున తమరు దయతలచి, ఇంజను విప్పునాడు ఒక బ్రేకు ఇన్‌స్పెక్టరు గారిని పంపి, ఆయన పక్కన నన్నూ కూర్చోనిచ్చునట్లు, తీసిన ప్రతి పాత ముక్క నా చేతికిచ్చునట్లు ఆర్డరు వేయవలెను. రోహిత్ ఉద్యోగం తీయమని నేను అడగడం లేదు. అతనికీ ఇంట్లో ఎదురుచూసే తల్లి ఉంటుంది. నాలుగో తరగతి చదువు, తప్పులుంటే క్షమించి, ముసలిదాని భయమని పక్కన పెట్టక చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
షేక్ కరీమున్నీసా

జత: షోరూము బిల్లు ఒకటి. చుక్క ఫోటో ఒకటి (ఆస్రా తీసినది).

మరొక మాట: ఈ కాగితం సంగతి వసీంకు తెలియదు. తమరు ఫోను చేస్తే ఆస్రా నంబరుకే చేయవలెను, బిల్లు వెనక వ్రాశాను. గోళ్ళరంగు సీసా ఇప్పుడే సంచిలో వేసుకున్నాను. మార్చవలసిన ముక్క ఏదో ఇన్‌స్పెక్టరు గారు వేలితో చూపిస్తే చాలు, చుక్క నేను పెట్టుకుంటాను. లోపల కూర్చోవడానికి ఏమీ ఉండవట. ఇంటి నుంచి రెండు స్టూళ్ళు తెస్తాను, ఒకటి ఆయనకు. విప్పేది 19వ తేదీ గురువారం, ఉదయం పది గంటలకు.