ఉతకని ఊలు

తమ్ముడూ,

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. పోయిన శీతాకాలం సెలవులకు మీ వదిన అల్లి పంపిన టోపీ మీ కుక్క నెత్తిన ఉన్న ఫొటో అందింది. నీకన్నా దానికే నప్పింది, అబద్ధమెందుకు. ఆ ఫొటో ఆమె కంట పడనివ్వలేదు.

మీ వదినను చేతులు వణుకుతున్నా వేళ్ళు కదుపుతూ ఉండాలన్నాడు డాక్టరు. అందుకని ఈసారీ సెలవులకు అందరికీ ఇవ్వాలని, రెండ్రోజులకో టోపీ అల్లుతోంది. ఎవరికీ అక్కర్లేదని తెలిసినవాణ్ణి కనుక, పోస్టులో వేశానని చెప్పి, పక్కగదిలో విప్పి, అదే ఊలు మళ్ళీ ఉండచుట్టి కొత్తదని ఇస్తున్నాను. ఇప్పటికి తొమ్మిది టోపీలయ్యాయి. ఊలు మాత్రం ఒకటే.

"మరిదికి సరిపోయిందటా?" అని రోజూ అడుగుతుంది. సరిపోయిందని ఒక్క ముక్క రాసి పడెయ్. అబద్ధాలు నీకు కొత్తా?

ఇంతవరకు రాశాక ఆమె వచ్చి, ఎవరికని అడిగింది. తమ్ముడికి, టోపీ ఎలా ఉందో రాయమని, అన్నాను. ఊలు వేళ్ళతో నలుపుతూ అంది: "విప్పిన ఊలు ఉతికి ఆరేస్తేగాని వంకర పోదండీ. ఆమాత్రం తెలీదా?"

ఎప్పట్నించి తెలుసని అడిగాను. రెండో టోపీ నుంచి, అంది.

సూదులు డ్రాయర్లో పెట్టి, అన్నానికి రమ్మంది.

మీ అన్నయ్య