తెల్లపళ్ళ ఫొటో

చిక్కడపల్లి

సౌభాగ్యవతి మనోరమకు,

ఆశీస్సులు. ఇక్కడ ఇల్లు, అశోక్‌నగర్‌లో మన జిరాక్సు షాపు, నీ కరివేపాకు కుండీ అన్నీ క్షేమం. పూణెలో నువ్వు, రచన, దాని కడుపులోని బిడ్డ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. డాక్టర్లు దాన్ని ప్రయాణం చేయవద్దనబట్టి కాన్పుకు నువ్వే అంత దూరం పోవలసి వచ్చింది.

రచన పంపిన చొక్కాల పార్సిల్లో నీ ఉత్తరం దొరికింది. ఫోన్లో ఎంత అడిగినా నేను చెప్పడం లేదని రాసి మరీ అడిగావు. జవాబులు రాస్తున్నాను. మాసమ్మ పనికి వస్తోంది. అడిగేదానివి నువ్వు లేవని మూలలు ఊడ్వకుండా వదిలేస్తోంది. వంట నేనే చేసుకుంటున్నాను. కారం మానేశాను. నువ్వు నమ్మవు కానీ నిజం.

"నోట్ల ఏదో పెట్టుకుని మాట్లాడ్తున్నరేంది?" అని కూడా అడిగావు. అది నేను ఫోన్లో పంపిన నా ఫొటో సంగతితో పాటే చెప్పాలి.

ఆ ఫొటో రచన తన ఫోన్ మీద పెట్టుకుందని రాశావు. "మీకు ఇన్ని పళ్ళున్నయని నాకు ఇప్పుడే తెల్సింది" అన్న నీ వెక్కిరింత చదివి నవ్వాను. నవ్వితే కుడి దవడ లాగింది.

తొట్టెల ఫంక్షన్ ఫొటోల్లో గారపళ్ళతో కనిపించనని నువ్వు వెళ్ళే ముందు నాతో ఒట్టు వేయించుకున్నావు కదా. అందుకే నారాయణగూడలో పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. పేరు సంయుక్త, మన రచన ఈడు పిల్ల. తాతనవుతున్నాను, పళ్ళు తెల్లగా చేయమ్మా అంటే నవ్వి కుర్చీలో కూర్చోబెట్టింది.

"అంకుల్, నోరు జర పెద్దగ తెరవండి."

"తెరిచినమ్మా, గింతే వస్తది."

నా వేళ్ళే మూడు నిలువుగా నోట్లో పెట్టుకోమంది. రెండే పట్టాయి. లైటు దగ్గరికి లాక్కుని కుడి బుగ్గ లోపల చూసింది. ఇక ఆ పిల్ల నవ్వలేదు.

"జర్దా పొగాకు ఎప్పటి సంది నములుతున్నరు?"

"షాపు పెట్టినప్పటి సంది."

"మరి ఈ పుండు?"

"కారం తింటే మండుతది. గదే తగ్గుతది అనుకున్న."

"తెల్లగ చేసుడు తర్వాత అంకుల్. ఆ మందు పుండుకు తగలొద్దు. ముందు చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలె."

మనోరమా, రచన పక్కన ఉంటే వేరే గదిలోకి వెళ్ళి కూర్చుని చదువు. పరీక్షలో క్యాన్సర్ అని వచ్చింది.

కుడి వైపు దవడ ఎముక పళ్ళతో సహా తీసేస్తామని ఆస్పత్రిలో చెప్పారు. ఛాతీ నుంచి కండ తెచ్చి బుగ్గకు అతుకుతారట. "ముఖం మారుతది, మాట కూడ మారుతది. పానం ముఖ్యం కదా" అన్నాడు పెద్ద డాక్టరు. ప్రాణం దక్కుతుందా అంటే మాత్రం చూద్దాం అన్నాడు. బషీర్‌బాగ్‌లో బస్సు దిగి ఇంటిదాకా నడిచాను. ఇల్లు రాకపోతే ఇంకా నడిచేవాణ్ణి.

మర్నాడు చేసిన పని వింటే నాకు మతి పోయిందంటావు. సంయుక్త చెయ్యదని తెలిసి, బ్యూటీ పార్లర్ లాంటి ఒక చోటికి వెళ్ళాను. "నోట్ల పుండ్లు ఏమన్న ఉన్నయా అంకుల్?" అని అడిగింది అక్కడి అమ్మాయి. లేవన్నాను. ఆ అమ్మాయి లోపల చూడలేదు. పళ్ళకు మందు పూసి నీలం లైటు పెట్టింది. మందు జారి పుండుకు తగిలితే కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని పడుకున్నాను. లేచి అద్దంలో చూసుకుంటే పెళ్ళికొడుకు పళ్ళు. నేరుగా షాపుకు వెళ్ళి, నోట్సు జిరాక్సుకు వచ్చిన ఒక కోచింగు పిల్లతో ఆ ఫొటో తీయించి నీకు పంపాను.

తీసేసే పళ్ళకు ఇంత హంగు ఎందుకంటావు. మన పెళ్ళి ఫొటోలో కూడా మూతి బిగించుకునే ఉన్నాను. ముఖం పోయేలోగా ఒక్కసారైనా నీకు నోరారా నవ్వి చూపించాలనిపించింది. అంతే.

ఆపరేషన్ వచ్చే వారం. రచన కాన్పూ అప్పుడే. పక్కింటి చెన్నయ్య ఆస్పత్రిలో తోడుంటానన్నాడు. నిన్ను రావద్దని రాద్దామనుకున్నాను, చెయ్యి రాలేదు. రమ్మని రాయడానికీ రావడం లేదు. నాకు చాలా భయంగా ఉంది మనోరమా. ధైర్యం చెప్పుకుందామంటే నా మాట నేనే నమ్మడం లేదు.

ఆ ఫొటో తీసేయవద్దని రచనతో చెప్పు. బిడ్డకు అది చూపించి తాత అని నేర్పండి. తర్వాత ఎప్పుడైనా నన్ను చూసి జడుసుకుని ఏడిస్తే, బలవంతంగా నా చేతికి ఇవ్వకండి. పక్క గదిలోకి తీసుకుపోయి ఫొటోనే చూపించండి.

ఇట్లు,
రచన నాన్న